నోటు వెనక చెల్లు

మా ఆఫీసులో రసీదు లేకుండా అగ్గిపెట్టె కూడా గోడౌను గడప దాటేది కాదు. లారీ రసీదుని మేం ఎల్.ఆర్. అనేవాళ్ళం. నాలుగు కాగితాలు, మధ్యలో మూడు కార్బన్లు. సరుకు పంపినవాళ్ళకి ఒకటి, దింపుకునేవాళ్ళకి ఒకటి, డ్రైవరు చేతికి ఒకటి, ఆఫీసు ఫైలుకి ఒకటి. పెన్ను గట్టిగా నొక్కి రాస్తే గానీ అడుగు కాగితం మీద అంకె పడదు. బస్తాలెన్ని, బరువెంత, సరుకు విలువెంత, కిరాయి ముందే కట్టారా లేక అక్కడ కట్టి విడిపించుకుంటారా, అన్నీ రాసి కింద సంతకం పెట్టాలి. సాయంత్రానికి నా చూపుడువేలు నీలంగా తేలేది. అన్నం కలుపుకుంటుంటే మా అమ్మ “సబ్బుతో కడుక్కోరా” అని రోజూ అనేది. కడిగినా పోయేది కాదు.

అలా రెండు విడతలుగా 26 ఏళ్ళు దాటి పక్కవాళ్ళ సరుక్కి రసీదులు రాశాను. నా సొంత డబ్బుకి మాత్రం చాలాకాలం ఏ కాగితమూ సరిగ్గా పెట్టుకోలేదు. నాతో పనిచేసినవాళ్ళలో చాలామందిదీ అదే తీరు. ఆ డబ్బు సంగతి, ఆ మనుషుల సంగతి విడదీసి చెప్పడం నా వల్ల కాదు. రెండూ కలిపే చెబుతాను.

1990 జూన్‌లో విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీలో బుకింగ్ గుమస్తాగా చేరాను. బీకాం పాసై ఏడాది ఖాళీగా తిరిగాక దొరికిన పని. జీతం 900 రూపాయలు. కంపెనీకి సొంత లారీలు 18 ఉండేవి, అవి చాలనప్పుడు బయటి బళ్ళు కిరాయికి పెట్టేవాళ్ళం. ఇటు మద్రాసు, అటు కలకత్తా. అప్పట్లో అది ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 16 అంటున్నారు. గుంటూరు మిర్చి, తణుకు గుడ్లు, జగ్గయ్యపేట సిమెంటు, కైకలూరు చేపలు. చేపల బండి అంటే అందరికీ కంగారే. పెట్టెల్లో ఐసు కరిగేలోగా హౌరా చేరాలి. ఆ బండి లోడవుతున్న రాత్రి ఆఫీసులో ఎవరూ కుర్చీలో కూర్చునేవాళ్ళు కాదు.

మేనేజరు గారు, క్యాషియర్ గారు, నాతో కలిపి ముగ్గురు గుమస్తాలు, హమాలీ మేస్త్రి, ఆయన కింద పన్నెండు మంది, ఇక డ్రైవర్లు, క్లీనర్లు. డ్రైవర్లని ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళం. తుని నుంచి వచ్చినాయన తుని బాబాయ్. మంగళగిరి నుంచి వచ్చినాయన మంగళగిరి అన్న. అసలు పేర్లు జీతం పుస్తకంలోనే కనబడేవి.

ఆ జీతం పుస్తకం గురించి ఒక మాట చెప్పాలి. డ్రైవర్ల ఆదాయంలో జీతం చిన్నది, బత్తా పెద్దది. ట్రిప్పుకి ఇంత బత్తా అని ముందే చేతికిస్తారు. దారి ఖర్చుల్లో మిగిల్చుకున్నది వాళ్ళదే. నలుగురు డ్రైవర్లు మేనేజరు గారి దగ్గరికొచ్చి, జీతం పెంచొద్దు, బత్తా పెంచండి, జీతం పెంచితే పీఎఫ్ కోత పెరుగుతుంది అని అడగడం నేను చూశాను. వాళ్ళని తప్పు పట్టలేను. చేరిన కొత్తలో నేనూ క్యాషియర్ గారితో అదే అన్నాను. “నాకు పీఎఫ్ వద్దండీ, ఆ డబ్బు చేతికి ఇచ్చేయండి” అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, “చేతికిస్తే ఏం చేస్తావు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. “అయితే అక్కడే ఉండనీ” అని కోత కోశారు. 1989 నుంచి 2000 దాకా పీఎఫ్ మీద నూటికి 12 వడ్డీ కట్టారు. ఆ రోజుల్లో నాలాంటివాడికి అంతకంటే మంచి చోటు ఎక్కడా లేదని నాకు పదేళ్ళ తరవాత గానీ తెలియలేదు.

క్యాషియర్ గారు ఆఫీసులో ఒక చిట్టీ కూడా నడిపేవారు. 20 మంది, నెలకి 500, 20 నెలలు. పాట పదివేలకి. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం లోడింగ్ అయిపోయాక కాటా పక్కన పాట. ఎవరెంతకి పాడారు, ఎవరికి ఎంత మిగిలింది, ఎవరు ఎంత కట్టారు, అన్నీ పొడుగు పుస్తకంలో రాసి అందరి చేతా సంతకాలు పెట్టించేవారు. హమాలీల్లో సంతకం రానివాళ్ళ వేలిముద్ర పక్కన వాళ్ళ పేరు తన చేత్తో రాసేవారు. “మనం మనం కదండీ, ఇదంతా ఎందుకు” అని ఎవరైనా అంటే, “మనం మనం కాబట్టే” అనేవారు.

ఆ చిట్టీలో నేను నాలుగో నెలలోనే 3 వేలకి పాడి, 7 వేలు తీసుకున్నాను. మా పాప బారసాల ఘనంగా చెయ్యాలని ఆశ. మిగతా 16 నెలలూ ఆ లోటు కడుతూ కూర్చున్నాను. మా హమాలీ మేస్త్రి మాత్రం ఎప్పుడూ చివరి నెల దాకా ఆగేవాడు. పదివేలకి ఫోర్‌మన్ కమీషన్ పోను మిగిలినది తీసుకుని, పోస్టాఫీసులో వేసుకునేవాడు. బస్తాకి ఇంత అని కూలి వచ్చే మనిషి ఆయన. “వీపు పనిచేసినన్నాళ్ళే నాకు జీతం గుమస్తా గారూ. నీకు కుర్చీ ఉంది, నాకేముంది?” అనేవాడు. కుర్చీ ఉన్న నేను తొందరపడ్డాను. వీపు మీద బతికే ఆయన ఆగాడు.

ఇంతలో ఆటోనగర్‌లోనే స్పేరు పార్టుల వ్యాపారి ఒకాయన పెద్ద చిట్టీ మొదలుపెట్టాడు. లక్ష రూపాయల చిట్టీ. రిజిస్ట్రారు దగ్గర నమోదు లేదు, పాస్‌బుక్కు లేదు, చిన్న కార్డు ముక్క మీద టిక్కు పెట్టేవాడు. మా ఆఫీసు నుంచి ఐదుగురం చేరాం. పదకొండో నెలలో ఒక సోమవారం ఆయన షాపు తెరవలేదు. నా వరకూ పోయింది 38 వేలు. పోలీసుల దగ్గరికి వెళ్తే ఆధారమేముందని అడిగారు. ఐదుగురం ఐదు కార్డు ముక్కలు బల్ల మీద పెట్టాం. వాటి మీద ఆయన సంతకం లేదు, షాపు పేరు కూడా లేదు. పగలంతా కార్బన్లు పెట్టి నాలుగేసి కాపీలు రాసే మనిషిని నేను. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నాకు వారం పట్టింది.

తరవాతి నిర్ణయం ఇంకా పెద్దది. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు చేసినవాళ్ళు లారీల లైన్లో వందల మంది ఉన్నారు, ఇప్పటికీ చేస్తున్నారు.

తుని బాబాయ్ మంచి డ్రైవరు. కలకత్తా రూటులో ఏ ఊరి దగ్గర గొయ్యి ఉందో చీకట్లో కూడా చెప్పేవాడు. నాకు బుకింగ్ తెలుసు, పార్టీలు తెలుసు, కిరాయి రేట్లు తెలుసు. ఇద్దరం కలిస్తే సొంత బండి నడపలేమా అనుకున్నాం. 2003 మేలో రాజీనామా చేశాను. అప్పట్లో రెండు నెలలు ఆగితే గానీ పీఎఫ్ మొత్తం ఇచ్చేవాళ్ళు కాదు. ఆగాను. ప్రావిడెంట్ ఫండ్ కింద 58 వేలు, పెన్షన్ వాటా కింద 28 వేలు వచ్చాయి. ఆ రెండో ఫారం నింపేటప్పుడు క్యాషియర్ గారు, “ఆ డబ్బు తీసుకోకు. దాని బదులు స్కీము సర్టిఫికెట్ అడుగు. రేపు మళ్ళీ ఎక్కడైనా చేరితే ఈ ఏళ్ళు కలుస్తాయి” అన్నారు. మళ్ళీ ఉద్యోగం చేసే ఉద్దేశం లేదండీ అని చెప్పి సంతకం పెట్టేశాను.

86 వేలలో 26 వేలు ఇంటి స్లాబు రిపేరుకి పోయింది. 60 వేలు బండికి. బాబాయ్ భార్య నగలు అమ్మి ఇంకో 60 వేలు తెచ్చాడు. 1997 మోడల్ పది టైర్ల బండి, ధర 4,20,000. మిగతా 3 లక్షలు ఫైనాన్సు. ఏజెంటు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “నూటికి రూపాయి వడ్డీనే సార్.” బయట చేబదులు తెస్తే నూటికి నెలకి రెండు రూపాయలు, మూడు రూపాయలు. రూపాయి అంటే చవకే కదా అనుకున్నాం. మూడేళ్ళకి వడ్డీ 1,08,000, మొత్తం 4,08,000, నెలకి 11,333 చొప్పున 36 వాయిదాలు.

బండి తెచ్చాక స్వీట్లు ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్తే, క్యాషియర్ గారు పాడైన ఎల్.ఆర్. ఒకటి తిరగేసి లెక్క వేసి చూపించారు. “చూడు. పద్దెనిమిదో వాయిదా కట్టేసరికి నువ్వు అసల్లో సగం తీర్చేసినట్టే. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు 3 లక్షల మీదే చివరిదాకా కడుతున్నావు. నీ చేతిలో నిజంగా ఉన్న డబ్బుకి లెక్కేస్తే ఇది ఏడాదికి నూటికి 12 కాదు, 21 పైన.” తరవాత నేను వేరే చోట చూపించుకున్నాను. ఆయన లెక్క సరిగ్గా సరిపోయింది. ఫ్లాట్ రేటు అనే మాట వినబడితే ఇప్పటికీ నాకు ఆ తిరగేసిన ఎల్.ఆర్. గుర్తొస్తుంది. లెక్క చూపించుకుని సంతకం పెట్టాల్సింది, నేను సంతకం పెట్టి లెక్క చూపించుకున్నాను.

వడ్డీ ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. మమ్మల్ని ముంచింది టైర్లు. విజయవాడ నుంచి కలకత్తా 1200 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రానూపోనూ 2400. నెలకి రెండున్నర ట్రిప్పులు తిరిగితే 6 వేల కిలోమీటర్లు. ఏడాది తిరిగేసరికి పది టైర్లూ అయిపోతాయి. మేం కొన్నప్పుడు టైర్లు బాగానే ఉన్నాయి. మొదటి ఏడాది ప్రతి ట్రిప్పు చివర కిరాయిలోంచి డీజిలు, బత్తా, దారి ఖర్చులు, వాయిదా తీసేసి, మిగిలింది లాభమని పంచుకున్నాం. అది లాభం కాదు. ఆ రోజుల్లో కొత్త టైరు ఒక్కోటి 9 వేల దాకా పడేది. అంటే తిరిగిన ప్రతి కిలోమీటరుకీ రూపాయి పైన టైరు అరుగుతోంది. ఆ రూపాయి పక్కన పెట్టకుండా ఇంటికి తీసుకెళ్ళి తిన్నాం. రెండో ఏడాది టైర్లన్నీ ఒకేసారి ఎదురుతిరిగాయి. రీట్రేడింగ్ చేయించాం, అప్పు మీద కొత్తవి నాలుగు వేయించాం. ఈలోగా ఇంజను పని. 2005 వానల్లో ఒకసారి 19 రోజులు బండి కదల్లేదు. లోడు లేకపోయినా వాయిదా తేదీ రాక మానదు.

22 వాయిదాలు కట్టి, మూడు తప్పాక, ఫైనాన్సు వాళ్ళు బండి లాక్కెళ్ళకముందే అమ్మేద్దామని బాబాయే అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆ బండి నంబరు ప్లేటు తన చేత్తో రాసుకున్నాడు. 2,30,000కి అమ్మాం. ఫైనాన్సు బాకీ 1,70,000 తీర్చాం. టైర్ల షాపుకి, మెకానిక్కుకి కలిపి 34 వేలు. మిగిలిన 26 వేలు బండి పెట్టిన చెట్టు కిందే చెరిసగం పంచుకున్నాం. ఆయనకి 13, నాకు 13. పంచుకునేటప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అక్టోబరులో మేనేజరు గారు నన్ను మళ్ళీ పిలిచి పాత కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆ మేలు మరిచిపోలేను. కానీ ఆ రెండున్నరేళ్ళ ఖరీదు నాకు 2019లో గానీ పూర్తిగా తెలియలేదు.

జీఎస్టీ వచ్చాక, 2017 జులై నుంచి, రాష్ట్రాల సరిహద్దుల్లో చెక్‌పోస్టుల దగ్గర బళ్ళు బారులు తీరడం పోయింది. బండి తొందరగా తిరగడం మంచిదే. అయితే పెద్ద కంపెనీలు ఊరూరా ఉన్న గోడౌన్లు ఎత్తేసి పెద్ద చోట్ల పెట్టుకోవడంతో, మాలాంటి మధ్యరకం ఆఫీసులకి పార్టీలు జారిపోయారు. 2019 జూన్‌లో మా యజమాని కంపెనీ మూసేశారు. మర్యాదగా, అందరికీ ఇవ్వాల్సినవి ఇచ్చే మూశారు. నా చివరి బేసిక్, డీఏ కలిపి 18,600. గ్రాట్యుటీ లెక్క ఇలా: ఆ జీతాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో హెచ్చించాలి. ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి ఏడాదిగా కలుపుతారు. రెండో విడత సర్వీసు 13 ఏళ్ళ 8 నెలలు, అంటే 14 ఏళ్ళు. నాకొచ్చింది 1,50,230. మొదటి విడత 13 ఏళ్ళకి 2003లోనే అప్పటి జీతం 3,500 మీద 26,250 ఇచ్చేశారు. నేను కదలకుండా కూర్చుని ఉంటే 29 ఏళ్ళకీ చివరి జీతం మీదే లెక్క. అది 3,11,000 దాటేది. గ్రాట్యుటీలో పాత ఏళ్ళకి కూడా కొత్త జీతం వర్తిస్తుందని, మధ్యలో తెగితే ఆ పాత ఏళ్ళు పాత జీతం దగ్గరే ఆగిపోతాయని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పెన్షన్ సంగతీ అంతే. 1995 నవంబరులో మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకంలో నాకు 2003 నాటికి దాదాపు 8 ఏళ్ళు జమ అయ్యాయి. 28 వేలు తీసుకుని వాటిని రద్దు చేసుకున్నాను. ఆ 8 ఏళ్ళూ ఉంటే 6,500 సీలింగు మీద నెలకి 740 రూపాయలు అదనంగా వచ్చేవి, బతికున్నన్నాళ్ళూ. మొత్తం సర్వీసు 20 ఏళ్ళు దాటితే ఇంకో 2 ఏళ్ళు కలుపుతారు, అదీ పోయింది. ఇప్పుడు 58 నిండితే నాకు వచ్చేది నెలకి 1,900 లోపే. క్యాషియర్ గారు చెప్పిన స్కీము సర్టిఫికెట్ ఒక్క కాగితం. దానికి ఖర్చు కూడా లేదు.

క్యాషియర్ గారి కాగితాల పట్టుదల వల్ల ఒక ఇల్లు నిలబడటం కూడా చూశాను. మంగళగిరి అన్న చేరినప్పుడు బ్రహ్మచారి. నామినేషన్ ఫారంలో వాళ్ళమ్మ పేరు రాశాడు. పెళ్ళయ్యాక మర్చిపోయాడు. పెళ్ళితో పాత పీఎఫ్ నామినేషన్ చెల్లకుండా పోతుంది, కొత్తది రాయాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు. క్యాషియర్ గారు రెండుసార్లు చెప్పారు. అన్న ఎప్పుడూ లోడింగులో ఉన్నానండీ అనేవాడు. ఒకరోజు రాత్రి పదింటికి బండి స్టార్టు చేసి ఉండగా, ఈయన ఫారం పట్టుకుని వెళ్ళి బానెట్టు మీద పెట్టించి, ఇంజను వేడి కాగితానికి తగులుతుండగానే భార్య పేరు, బిడ్డ పేరు రాయించి సంతకం పెట్టించారు. సాక్షి సంతకం నాది. 2008లో రాజమండ్రి దాటాక అన్న బండిని ఎదురుగా వచ్చిన బండి గుద్దింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగా పోయాడు.

అన్న భార్యకి అప్పటికి ఇరవై ఐదేళ్ళు కూడా లేవు. పీఎఫ్ డబ్బు, దానితోపాటే ఉండే ఇన్సూరెన్సు, గ్రాట్యుటీ, తనకీ బిడ్డకీ నెలనెలా పెన్షన్, అన్నీ ఎవరితోనూ గొడవ లేకుండా ఆమె పేరు మీదకి వచ్చాయి. ఆ ఇన్సూరెన్సుకి ఉద్యోగి పైసా కట్టక్కర్లేదు, యజమానే కడతాడు. ఇప్పుడది గరిష్ఠంగా 7 లక్షలు. చనిపోయినవాళ్ళ విషయంలో గ్రాట్యుటీకి ఐదేళ్ళ సర్వీసు నిబంధన కూడా లేదు. అదే ఏడాది బయటి బండి డ్రైవరు ఒకతను పోతే, ఏ పుస్తకంలోనూ అతని పేరు లేక వాళ్ళావిడ మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని వెళ్ళిపోవడం చూశాను. మేం చందా వేసుకుని ఇచ్చాం. చందా ఎన్నాళ్ళొస్తుంది?

ఇక బాబాయ్ దగ్గరికి వస్తాను.

బండి అమ్మాక ఆయన వేరే ఓనరు దగ్గర స్టీరింగు పట్టాడు. 2007 ఫిబ్రవరిలో కూతురి పెళ్ళికి డబ్బు సరిపోక నన్ను అడిగాడు. నా దగ్గర ఎల్ఐసీ డబ్బు వచ్చి ఉంది. 40 వేలు ఇచ్చాను, నూటికి రూపాయి వడ్డీ. ఫిబ్రవరి 12న ప్రోనోటు రాసి, స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెట్టాడు. మూడేళ్ళు గడిచాయి. ఆయన నడిపే బండికి లోడ్లు తక్కువ. వడ్డీ కూడా ఇవ్వలేకపోయాడు. నోటుకి మూడేళ్ళు నిండితే కాలదోషం పడుతుంది. ఆలోగా ఎంతో కొంత జమ చేసి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్ళీ మూడేళ్ళు బతుకుతుంది. క్యాషియర్ గారు నాకు రెండు నెలల ముందు నుంచే గుర్తు చేస్తున్నారు. నాకు నోరు రాలేదు. కలిసి మునిగినవాళ్ళం, ఆ మనిషిని వెళ్ళి చెల్లు రాయమని ఎలా అడుగుతాను? పోతే పోనీ అనుకున్నాను.

2010లో శివరాత్రి సరిగ్గా ఫిబ్రవరి 12నే వచ్చింది. దానికి మూడు రోజుల ముందు రాత్రి పదకొండు దాటాక పటమటలో మా ఇంటి తలుపు తట్టారు. తీస్తే బాబాయ్. సందు చివర లారీ ఆపి వచ్చాడు, ఇంజను ఆపలేదు, ఆ చప్పుడు వినబడుతోంది. చొక్కా అంతా డీజిలు వాసన.

“నోటు తీసుకురారా అబ్బాయ్” అన్నాడు.

“ఇప్పుడెందుకు బాబాయ్, లోపలికి రా, అన్నం తిందువు గాని” అన్నాను.

“శివరాత్రికి మూడేళ్ళు నిండుతాయి. నేను కలకత్తా వెళ్తున్నా, వచ్చేసరికి నోటు చచ్చిపోద్ది. తీసుకురా.”

బీరువాలోంచి తెచ్చాను. గడప మీద కూర్చుని, నోటు తిరగేసి మోకాలి మీద పెట్టుకున్నాడు. జేబులోంచి 500 కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు: ఈ రోజు వడ్డీ బాబతు 500 రూపాయలు జమ. తారీఖు. సంతకం. పెన్ను పట్టడం అలవాటు లేని చేయి, రాస్తుంటే కాగితం రెండుచోట్ల చిరిగింది.

“నిన్ను నేను అడిగానా బాబాయ్?” అన్నాను.

“నువ్వు అడగవనే వచ్చా. నేను బతికుంటే ఎలాగూ ఇస్తా. రోడ్డు మీద నాకేదైనా అయితే మా వాడు ఇవ్వాలి కదా. అప్పుడు నీ దగ్గర కాయితం ఉండాలి, లేకపోతే వాడికి నా బాకీ ఎంతో ఎట్లా తెలుస్తుంది?”

మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నేను ఆ నోటు పట్టుకుని చాలాసేపు గడప మీదే కూర్చున్నాను. అంతదాకా కాగితం అడగడమంటే ఎదుటిమనిషిని అనుమానించడమని నాకు మొహమాటం. అప్పున్న మనిషి అర్ధరాత్రి లారీ ఆపుకుని వచ్చి ఆ మొహమాటం తీర్చి వెళ్ళాడు. 2013 జనవరిలో ఇంకోసారి చెల్లు రాశాడు. 2014లో అసలు 40 వేలు, వడ్డీ కింద 15 వేలు తీసుకుని, చాలు బాబాయ్ అని చెప్పి నోటు ఆయన ముందే చించేశాను. మిగతా వడ్డీ ఇస్తానని ఆయన ఇప్పటికీ అంటాడు.

ఆ తరవాత నా పద్ధతులు కొన్ని మారాయి. నెల జీతంలో మొదట తీసి పక్కన పెట్టేది టైరు డబ్బు. మా ఇంట్లో దానికి అదే పేరు. పిల్లల ఫీజు, ఇంటి పన్ను, మోటారు రిపేరు, కళ్ళజోడు, ఇవేవీ అకస్మాత్తుగా వచ్చేవి కావు, రోజూ కొంచెం కొంచెం అరుగుతున్నవే. ఏడాదికి అయ్యే మొత్తాన్ని 12తో భాగించి వేరే ఖాతాలో వేస్తాను. దాంట్లోంచి పండగకి కూడా తీయనివ్వను. ఎవరు అప్పిస్తానన్నా, ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీద వడ్డీయా అని మొదట అడుగుతాను. సొంత తమ్ముడికి 10 వేలు ఇచ్చినా కాగితం రాసుకుంటాం. వాడికి మొదట్లో కోపం వచ్చింది. బాబాయ్ సంగతి చెప్పాను. ఇప్పుడు వాడే కాగితం తెస్తాడు.

క్యాషియర్ గారు 2021 మేలో కోవిడ్‌తో పోయారు. చూడటానికి కూడా వెళ్ళలేకపోయాం. పదకొండో రోజు తరవాత వాళ్ళావిడ ఫోను చేసి, మీ అన్నయ్య గారి ఫైలు చూడు బాబూ, నాకేం తెలియదు అన్నారు. వెళ్ళాను. ఆకుపచ్చ అట్ట ఫైలు. పైన ఒక కాగితం మీద ఆయన చేతిరాతతో వరసగా రాసి ఉంది: పెన్షన్ ఆర్డరు నంబరు, బ్యాంకు ఖాతా, ఇద్దరి ఆధార్, పెళ్ళి ఫోటో, ఎల్ఐసీ పాలసీ, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు ఎంత ఇవ్వాలి. నేను చేసిన పనల్లా ఆ కాగితాలు తీసుకెళ్ళి పీఎఫ్ ఆఫీసులో ఇవ్వడమే. ఆవిడకి కుటుంబ పెన్షన్ వస్తోంది.

తుని బాబాయ్‌కి నలభై ఏళ్ళు స్టీరింగు పట్టినందుకు ఏ ఓనరూ ఇచ్చిన పెన్షన్ లేదు. ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్, 2024 జులై నుంచి 4 వేలు, నెల మొదట్లో ఇంటికొచ్చి ఇస్తున్నారు. ఆయన బతుకు దాని మీదే. కంపెనీలో పీఎఫ్ ఉన్న కొద్దికాలం తాలూకు ఖాతా ఒకటి ఉందని, దాంట్లో డబ్బు ఇంకా ఉందని మొన్న పాత జీతం చీటీ ఒకటి దొరికితే తేలింది. క్లెయిము పెట్టాం.

నెలలో మొదటి ఆదివారం పొద్దున ఆటోనగర్ గేటు దగ్గర టీ కొట్టులో కూర్చుంటున్నాను. మా పాత డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు కాగితాలు తెస్తారు, నేను ఫారాలు నింపి పెడతాను. ఇప్పటికి తొమ్మిది మందికి డబ్బు వచ్చింది. మా ఆఫీసులో చేసినవాళ్ళెవరైనా ఇది చదివితే ఒకసారి రండి. మిగతావాళ్ళకి కూడా నా మనవి ఇదే. కంపెనీ మూతపడినంత మాత్రాన అందులో మీ పీఎఫ్ ఖాతా పోదు. పాత జీతం చీటీ ఒక్కటున్నా పారేయకండి, దాని మీద నంబరు ఉండొచ్చు. పెళ్ళికి ముందు నింపిన నామినేషన్ అయితే ఈ వారంలోనే మార్చండి. ఇంట్లో ఒక ఫైలు పెట్టి, దాని మీద ఏమేం ఉన్నాయో మీ చేత్తో రాసి, అది ఏ బీరువాలో ఉందో మీ ఆవిడకో, మీ ఆయనకో, పిల్లలకో ఇవాళే చూపించండి.